అవ్వ దగ్గర ఉంది

"అవ్వ అంటే నాయనమ్మ. ఏ పుస్తకమైనా తీసి చూసుకోండి," అన్నాడు కామేశ్వరరావు పంతులు.

"మా దిక్కు అవ్వంటే కన్నతల్లి సారూ," అంది బుచ్చవ్వ, ఒళ్ళో పెట్టుకున్న చిన్న రోట్లో తమలపాకు దంచుకుంటూ.

పంచాయతీ ఆఫీసు ముందు జనం అప్పటికే చాపలు పరుచుకుని కూర్చున్నారు. శుక్రవారం పొద్దు గూకుతోంది. కాసేపట్లో హైదరాబాదు రేడియోలో డిటెక్టివ్ నాటకం చివరి భాగం వస్తుంది. ఏడు వారాలుగా ఆ వేళకు ఊళ్ళో ఒక్క పొయ్యీ వెలగడం లేదు.

నాటకంలో దొరగారింట్లో రత్నాలహారం మాయమైంది. దానికోసం దొంగలు పొడిస్తే, నమ్మకస్తుడైన పనివాడు మల్లడు డిటెక్టివు చెయ్యి పట్టుకుని "అవ్వ దగ్గర ఉంది" అని కన్నుమూశాడు. పోయిన శుక్రవారం కథ అక్కడ ఆగింది. మేడ మీద దొరగారి నాయనమ్మ ఉంది. ఊరి చివర గుడిసెలో మల్లడి తల్లి, బోసినోటి ముసలిది ఉంది. హారం ఎవరి దగ్గరున్నట్టు?

"తల్లి దగ్గర్నే. ఆకుల సంచిల చూడుమను," అంది బుచ్చవ్వ.

పక్కనున్న కొమురవ్వ పకపకా నవ్వింది. "నోట్ల పండ్లు లేకున్నా ముసల్దానికి మాటలు మస్తున్నయి!"

పంతులు కూడా నవ్వాడు. ఆయనది కృష్ణా జిల్లా. పాఠం బాగా చెబుతాడు గాని, పిల్లలు బళ్ళో 'అవ్వ' అన్నా 'వచ్చిండు' అన్నా బెత్తం అందుకుంటాడు. "నాటకాలు రాసేది చదువుకున్నవాళ్ళమ్మా. మీ మాట ఇంట్లో అనుకోవడానికే గాని రేడియోలో పలికేది కాదు."

"గీ మాటతోనే రాజన్నకు మొక్కుతున్న. దేవునికి సమజైన మాట రేడియోకు సమజ్ గాదా సారూ?"

జనం గొల్లుమన్నారు. పంతులు ముఖం ఎర్రబడింది. "అయితే పందెం. హారం నాయనమ్మ దగ్గర దొరికితే రేడియో పెట్టె తాళంచెవి నాకివ్వాలి. తల్లి దగ్గర దొరికితే రేపటి నుంచి మాట కోసం పిల్లల మీద బెత్తం ఎత్తను."

సర్పంచ్ రాయమల్లు లచ్చయ్య వైపు చూశాడు. లచ్చయ్య బుచ్చవ్వ కొడుకు. ఏడో తరగతితో చదువాగినా ఊరందరి అర్జీలూ అతనే రాస్తాడు. వేలి మీద సిరా మరక ఎప్పుడూ ఆరదు. మూడేళ్ళుగా ఆ తాళంచెవి అతని మొలతాడుకే ఉంటోంది. ఊళ్ళో అతనికున్న గౌరవమంతా అదే.

"సరే సారూ," అన్నాడు లచ్చయ్య.

బుచ్చవ్వ దంచడం ఆపింది. "తాళంచెవి పోతే ఎట్లరా బిడ్డా?"

"పోదవ్వా."

"జర గూడ ఫికర్ లేదా?"

"లేదు," అంటూ అతను లేచి రేడియో తిప్పాడు.

నాటకం మొదలైంది. అందరి చూపూ పెట్టె మీదే ఉంది. బుచ్చవ్వ మాత్రం కొడుకునే చూస్తోంది. లచ్చయ్య కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"పాపం, దేవుణ్ణి మొక్కుకుంటుండు," అని గుసగుసలాడింది కొమురవ్వ.

డిటెక్టివు మేడంతా వెతికించాడు. నాయనమ్మ పెట్టెలు తెరిపించాడు. పంతులు ముందుకు జరిగి కూర్చున్నాడు. పెట్టెల్లో ఏమీ దొరకలేదు. అప్పుడు రేడియోలో డిటెక్టివు గొంతు గంభీరంగా పలికింది: "పొరబడ్డాం. మల్లడిది లక్సెట్టిపేట. ఆ వైపు అవ్వ అంటే కన్నతల్లి!"

పంతులు వెనక్కి వాలాడు.

"అరే, మన లక్సెట్టిపేట!" రాయమల్లు తువ్వాల గాల్లోకి విసిరాడు. ఆ అల్లరిలో మిగతాది సగమే వినబడింది. హారం బోసినోటి ముసలిదాని ఆకుల సంచిలో, మూడు ముళ్ళ కింద దొరికింది. కొడుకు దాచమన్నాడని కన్నీళ్ళు దిగమింగుకుని కాపాడిందట. కొమురవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాటకం అయిపోయింది. పేర్లు చదవబోతుండగా లచ్చయ్య టక్కున రేడియో ఆపేశాడు.

"ఎవరు రాసిండో ఒక్కనాడన్న విననియ్యవేందిరా?" అన్నాడు రాయమల్లు.

"బ్యాటరీ ఒడిశిపోతె పెద్దపల్లి దాకా మోసుకపోయేది మీరా, నేనా?" అంటూ లచ్చయ్య పెట్టెకు తాళం వేశాడు.

పంతులు లేచి వచ్చి బుచ్చవ్వ ముందు నిలబడ్డాడు. మొండివాడే గాని కుటిలుడు కాదు. "నేను ఓడిపోయాను. రాసినాయన ఎవరో గాని మీ వైపు మనిషే అయ్యుంటాడు. మా రేడియోలో మీ మాట నిలబెట్టాడు." కాస్త తడబడి, "వస్తానవ్వా," అన్నాడు.

బుచ్చవ్వకు కడుపు నిండిపోయింది. పంతులు నోట ఆ మాట విని పిల్లలు చప్పట్లు కొట్టారు.

తల్లీ కొడుకులు ఇంటిదారి పట్టారు. బుచ్చవ్వ తన ఆకుల సంచికి ఒకటి, రెండు, మూడు ముళ్ళు వేసి బొడ్లో దోపుకుంది. నలుగురూ దూరమయ్యాక ఆగి, కొడుకు సిరా మరక వేలిని తన అరచేతిలోకి తీసుకుంది.

"మల్ల రాసే నాటకంలనన్న నాకు నోట్ల పండ్లు పెట్టు, బిడ్డా!"