శాంపిల్ పెద్దాయన

"ఇదేంటమ్మా?" అన్నాడు పెద్దాయన, పళ్ళెంలోని ముక్కని చూపిస్తూ.

"కేకండీ."

"అది నాకూ కనబడుతోంది. ఎలా ఉంటుందో చెప్పు."

"తింటే మీకే తెలుస్తుంది కదండీ."

"తింటాను. ముందు నువ్వు చెప్పు."

ఆమె తడబడింది.

ఇంట్లో కేకులు చేసి అమ్ముకోవడానికి లైసెన్సు వచ్చి అప్పటికి మూడు వారాలే అయింది. శనివారం మధ్యాహ్నాలు వచ్చి, రుచి చూసి, నచ్చితే ఆర్డరు ఇవ్వవచ్చని గేటుకి కాగితం అంటించింది. ఆ కాగితం చదివి లోపలికి వచ్చిన మొదటి మనిషి ఆయనే.

"నారింజ కేకండీ. ఏదో ఇంట్లోనే చేస్తుంటాను. బాగుండకపోతే ఏమీ అనుకోకండి."

"ఆ 'ఏదో' తీసెయ్యి. నువ్వే ఏదో అంటే కొనేవాళ్ళు ఏమనాలి? ఇందులో వేసింది రసమా, తొక్కా?"

"తొక్కేనండీ. సన్నగా తురిమి, చక్కెరలో వేసి, వేళ్ళతో నలుపుతాను. చక్కెర తడిసి లేత పసుపుకి తిరుగుతుంది. అప్పుడు వంటగది అంతా..."

"ఆఁ, అదీ," అన్నాడాయన. కళ్ళు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"బాగుందమ్మా," అని లేచి వెళ్ళిపోయాడు. ఆర్డరు ఇవ్వలేదు.

పై శనివారం మళ్ళీ వచ్చాడు. ఆ పై శనివారమూ వచ్చాడు. అత్తగారు ఆయనకి శాంపిల్ పెద్దాయన అని పేరు పెట్టేసింది.

"వచ్చాడే నీ శాంపిల్ పెద్దాయన," అనేది కిటికీలోంచి చూసి. "పెళ్ళిచూపులకి వచ్చినట్టు ఆ దువ్వుకోవడం చూడు."

వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి సరిచేసేవాడు. లైసెన్సు బీరువాలో దాచుకున్నావెందుకు, తలుపు తీయగానే కనబడేలా గోడకి పెట్టు అన్నాడు. పిండి చేతులు తుడుచుకున్న ఏప్రన్‌తో మనుషుల ముందుకి రావద్దన్నాడు. డబ్బా మీద చీటీ వంకరగా అంటిస్తే లోపల కేకూ వంకరే అనుకుంటారన్నాడు.

అన్నిటికన్నా, ప్రతి కేకు గురించీ విడిచిపెట్టకుండా చెప్పించుకునేవాడు.

"పైపొర కొరికితే చప్పుడొస్తుందా?"

"వస్తుందండీ. ఎండుటాకు మీద అడుగేసినట్టు."

"వెన్న వాసన ముందొస్తుందా, తర్వాతా?"

"ముందు ఏలకులండీ. వెన్న మింగాక తెలుస్తుంది."

ఆమె వారం పొడవునా పిండి కలుపుతూ, శనివారం ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కునేది. నాలుగు నెలలు తిరిగేసరికి ఎవరొచ్చినా ధారాళంగా చెప్పడం అలవాటైపోయింది. వింటూ వింటూనే సగంమంది ఆర్డరు ఇచ్చేసేవారు.

ఒక శనివారం పెద్ద ఆఫీసు నుంచి మేనేజరు వస్తున్నానని కబురుపెట్టాడు. నచ్చితే నెలనెలా రెండు వందల డబ్బాలు. ఆ కంగారులో నిమ్మ క్రీములో చక్కెర వేయడం మరిచిపోయింది.

మేనేజరు కన్నా ముందు పెద్దాయన వచ్చాడు. చెప్పించుకున్నాడు. తిన్నాడు.

"బాగుందమ్మా. దీనికి తిరుగులేదు."

ఆ ధైర్యంతోనే మేనేజరు ముందు పెట్టింది. ఒక్క చెంచాకే ఆయన మొహం ముడుచుకుపోయింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకే ముక్కా ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆమె తనూ కాస్త నాలిక మీద వేసుకుంది. పళ్ళు పులిసిపోయాయి.

"ఊరికే తినేవాడికి ఏది పెట్టినా బాగానే ఉంటుంది," అంది అత్తగారు. "వాడి మాట నమ్ముకున్నావు చూడు, నిన్ననాలి."

పై శనివారం ఆమె వాకిట్లోనే నిలబడింది.

"ఇకమీదట శాంపిళ్ళు ఆర్డరు ఇచ్చేవాళ్ళకేనండీ."

ఒక్క మాట తడబడకుండా చెప్పింది. అలా చెప్పడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

పెద్దాయన కొంచెంసేపు నేల చూశాడు.

"సబబేనమ్మా. వ్యాపారం అన్నాక ఆ మాత్రం ఉండాలి." వెనక్కి తిరగబోయి ఆగాడు. "ఇవాళ ఏం చేశావో చెప్పు, పోనీ. విని వెళ్ళిపోతాను."

"లోపల పనుందండీ," అని తలుపు వేసేసింది.

ఆయన మళ్ళీ రాలేదు.

పని పెరిగింది. ముందు గదిలోకి పెద్ద బల్ల వచ్చింది, గాజు అలమరా వచ్చింది. అయినా శనివారం మధ్యాహ్నం గేటు చప్పుడైతే ఆమె తలెత్తి చూసేది. చిన్న బల్లా, నాలుగు ముక్కలూ, ఎదురుగా కళ్ళు మూసుకుని వినే మనిషీ, ఆ రోజులే బాగుండేవనిపించేది. అత్తగారు కూడా, "నీ శాంపిలాయన ఏమయ్యాడో," అని అప్పుడప్పుడూ గొణిగేది.

ఏడాది గడిచాక ఒకావిడ వచ్చింది.

"మా అమ్మకి ఒక కేకు కావాలండీ."

ఆమె ఖర్జూరం కేకు తెచ్చి పెట్టి, దాని సంగతి మొదలుపెట్టింది. పాలలో నానిన పండు పిండిలో ఎలా కరిగిపోతుందో, వేడి మీద కోస్తే చాకుకి ఎలా అంటుకుంటుందో చెప్పింది. చెబుతుండగానే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమైందండీ?"

"ఏం లేదు. అచ్చం మా నాన్న చెప్పినట్టే చెబుతున్నారు. శనివారాలు ఇక్కడి నుంచి వచ్చి, భోజనాల దగ్గర అమ్మకి అన్నీ అప్పజెప్పేవారు."

ఆమె చేతిలో చెంచా బల్ల మీద పెట్టేసింది.

"ఎలా ఉన్నారండీ ఆయన?"

"పోయిన నెల పోయారు."

ఆమె పళ్ళెం అంచున రాలిన పొడిని వేలితో ఒకచోటికి చేర్చింది.

"నా కేకులంటే ఆయనకి అంత ఇష్టమా?" అంది.

"ముప్పై ఏళ్ళు బేకరీలో బట్టీ దగ్గరే పనిచేశారండీ," అంది కూతురు. "ఆరేడేళ్ళ కిందట జబ్బు చేసినప్పటి నుంచి నాన్నకి రుచీ వాసనా రెండూ పోయాయి, మీరు చెబుతుంటే మాత్రం మళ్ళీ తెలుస్తున్నాయనేవారు."