వాగుకు దారి

పోలమ్మను వేదిక ఎక్కించాలన్నది సమీరా పట్టుదల. వద్దన్నది మల్లేశ్వరి ఒక్కతే.

ఇద్దరూ గుంటూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం. హాస్టల్లో ఒకే గది. సమీరాది మంగళగిరి. మల్లేశ్వరిది కనిగిరి వైపు రైతు కుటుంబం. కాలేజీ పర్యావరణ సంఘానికి సమీరా అధ్యక్షురాలైతే, మల్లేశ్వరి కార్యదర్శి.

ఏటా జరిగే వాతావరణ సదస్సులో ఈసారి ప్రొఫెసర్ల కంటే ముందు, వాన దెబ్బ తిన్న గిరిజనులే మాట్లాడాలని సంఘం తీర్మానించింది. అక్టోబరు తుఫానుకు కనిగిరి దారిలో పొదిలి దగ్గర ఒక యానాది కాలనీ కొట్టుకుపోయింది. అక్కడ బియ్యం పంచడానికి వెళ్లినప్పుడే సమీరాకు పోలమ్మ పరిచయమైంది. పక్కనున్న వాగును పూడ్చేయడం వల్లే మునిగామని చెప్పింది. మల్లేశ్వరి ఆ రోజు వ్యాను దిగలేదు. కడుపు నొప్పి అంది.

“పెద్దవాళ్లతో గొడవ సమీరా. మనం చప్పట్లు కొట్టి పంపించేస్తాం. తర్వాత ఆవిడ ఆ ఊళ్లోనే కదా బతకాలి,” అంది మల్లేశ్వరి.

“అలా అనుకునేగా ఇన్నాళ్లూ ఎవరూ నోరెత్తలేదు. సదస్సుకు నీటిపారుదల పెద్ద ఇంజనీరుగారు వస్తున్నారు. ఆయన చెవిన పడితే పనవుతుంది.”

“సరే. వాన సంగతి చెప్పించు, ఎండ సంగతి చెప్పించు. మనుషుల జోలికి మాత్రం పోవద్దు.”

సమీరా ఒప్పుకుంది. తనకు లేని ముందుచూపు స్నేహితురాలికి ఉందని మురిసిపోయింది కూడా.

సదస్సు రోజు తెల్లవారుజామునే ఇద్దరూ పోలమ్మను తీసుకురావడానికి కారులో వెళ్లారు. కాలనీ ఉన్నచోట ఇప్పుడు కాలనీ లేదు. రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టాలు కప్పుకుని కుటుంబాలు కాపురం చేస్తున్నాయి. మల్లేశ్వరి కళ్లు మాత్రం కనిపించేలా ముఖానికి చున్నీ చుట్టుకుంది. మార్చి ఎండ. గుంటూరులో ఆడపిల్లలంతా అలాగే తిరుగుతారు.

ఉతికిన చీర కట్టుకుని పోలమ్మ కారెక్కింది. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. అద్దాలు మూసినా ఘాటు లోపలికి వస్తోంది. పోలమ్మ సమీరాతో కబుర్లు చెబుతూనే ఉంది. కోతకు పోతే రాత్రంతా చేతులు మండుతాయని, మనవరాలు ఇప్పటికీ మబ్బు చూస్తే ఏడుస్తుందని చెప్పింది. ముందు సీట్లో కూర్చున్న మల్లేశ్వరి వెనక్కి తిరగలేదు.

హాలు నిండింది. పోలమ్మకు మైకు పట్టుకోవడం అలవాటు లేదు. పక్కన నిలబడి పట్టుకునే పని కార్యదర్శి మీద పడింది. ఆ వేళకు చున్నీ భుజం మీదికి వచ్చేసింది.

“దగ్గరగా జరుగు పోలమ్మా,” అంది మల్లేశ్వరి.

అందరూ అవ్వా అని పిలుస్తుంటే ఇలా పేరు పెట్టి పిలవడమేమిటని సమీరా చురుగ్గా చూసింది. మల్లేశ్వరి తల దించుకుంది.

“మాకు వాన కొత్తగాదయ్యా,” అని మొదలుపెట్టింది పోలమ్మ. “మా గుడిసెల పక్కన వాగుండేది. అందులోనే చేపలు పట్టుకుని బతికాం. ఎంత నీళ్లొచ్చినా అదే మోసుకుపోయేది. దాన్ని పూడ్చి మిరప చేను చేశారు. మొన్న తుఫానుకు నీళ్లు పోను దారి లేదు. మా మీదికొచ్చాయి. మనవరాల్ని చెట్టెక్కించి పట్టుకున్నా. మా తమ్ముడు మేకల్ని విప్పుదామని పోయాడు. నీళ్లు తీసినాక కంపచెట్లలో దొరికాడు.”

పెద్ద ఇంజనీరు లేచి నిలబడ్డాడు.

“ఎవరు పూడ్చారమ్మా? పేరు చెప్పు. వారం తిరక్కుండా వాగు తెరిపిస్తాను. నీకేం కాకుండా నేను చూసుకుంటాను.”

చప్పట్లు మోగాయి. “చెప్పవ్వా, చెప్పు,” అని వెనక వరసల్లోంచి పిల్లలు కేకలేశారు. ఇచ్చిన మాట మరిచిపోయి సమీరా కూడా గొంతు కలిపింది.

పోలమ్మ నోరు తెరిచింది. అప్పుడే మూతి ముందున్న మైకు వణకడం చూసింది. మైకు నుంచి చేతికి, చేతి నుంచి ముఖానికి చూపు పోయింది. మల్లేశ్వరి పెదవులు కదిలాయి.

“తెలవదయ్యా,” అంది పోలమ్మ. “చదువులేనోళ్లం. ఎవురిదో ఏమో.”

ఇంజనీరు ఉసూరుమని కూర్చున్నాడు. ఆమెకు శాలువా కప్పి ఫొటో తీసుకున్నారు. తర్వాత వచ్చిన వక్త తెర మీద కరిగిపోతున్న మంచుకొండలు చూపించాడు.

భోజనాల దగ్గర సమీరా అన్నం కెలుకుతూ కూర్చుంది. తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషిని నలుగురిలో నిలబెట్టి, భయంతో అబద్ధమాడేలా చేశామని సిగ్గుపడింది. మల్లేశ్వరి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ముందే చెప్పావు. నేనే వినలేదు. నీకున్నంత జాలి నాకు లేదు.”

మల్లేశ్వరి చెయ్యి విడిపించుకుంది. కంచం అక్కడే వదిలేసి కొళాయిల వైపు వెళ్లిపోయింది. గోడకు ముఖం పెట్టుకుని ఏడుస్తుంటే, చేతులు కడుక్కోవడానికి వచ్చిన పోలమ్మ చూసింది. అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని దగ్గరికి వచ్చింది.

“ఏడవబాక తల్లీ, మీ నాయన పేరు నేనెట్టా చెప్తాను, ఎల్లుండి మళ్లా మీ చేలోకేగా కోతకు రావాల,” అంది.