జిరాక్సుకీ బీరువాకీ పడదు

"సాయంత్రంలోగా మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతుంది. ఎవరిదో మీరే తేల్చండి," అన్నాడు మేనేజరు.

ఎదురుగా నిలబడ్డ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అది ఇళ్లకీ, బడులకీ, ఆసుపత్రులకీ ప్లాన్లు గీసే ఆఫీసు. ఆ ఇద్దరిలో అతను రోజూ రాత్రి ఆఫీసులో ఉన్న ఫైళ్లన్నిటికీ బ్యాకప్ తీస్తాడు కాబట్టి అందరూ అతన్ని జిరాక్సు అంటారు. ఆమె కట్టడం పూర్తయిన ప్లాన్లన్నీ ఆర్కైవ్‌లో భద్రం చేస్తుంది. ఆమె పేరు బీరువా. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఏసీ ఎంతలో ఉంచాలన్న దగ్గర మొదలై ప్రింటర్లో కాగితం ఎవరు పెట్టాలన్న దాకా రోజూ ఏదో ఒక పేచీ. అది వినకపోతే పక్క సెక్షన్ వాళ్లకి టీ సహించదు.

మేనేజరు ధైర్యం కూడా అదే. ఒకరి మీద ఒకరు నాలుగు చాడీలు చెప్పుకుంటే తన పని సులువవుతుంది. ఇద్దరూ చేసేది కాపీలు దాచడమే కదా, ఒక్క పనికి రెండు కుర్చీలెందుకని యాజమాన్యం అడుగుతోందని వివరించి, తమాషా చూసేవాడిలా వెనక్కి వాలాడు.

"నన్ను తీసేయండి సార్," అంది బీరువా.

మేనేజరు కుర్చీ ముందుకొచ్చింది.

"ఆవిడ మాట పట్టించుకోకండి సార్. తీసేస్తే నన్నే తీసేయాలి," అన్నాడు జిరాక్సు.

"మీరు మధ్యలో రాకండి." అతని వైపు తిరక్కుండానే కసిరి, ఆమె మేనేజరుకి నింపాదిగా చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున ఎవరో కొత్త బడి ప్లానులో మెట్లు చెరిపేసి, అలాగే సేవ్ చేశారు. ఇప్పుడది రెండంతస్తుల బడే గానీ, పై క్లాసుకి పాసైన పిల్లలు ఎగిరి వెళ్లాల్సిందే. తన ఆర్కైవ్ అంతా గాలించినా ఆ మెట్లు దొరకవు. పని ఇంకా నడుస్తున్న ఫైలు తన దగ్గరికి రానే రాదు. "నిన్న రాత్రి ఉన్నది ఉన్నట్టు కాపీ తీసి పెట్టింది ఈయన. ఈయన లేకపోతే ఆ మెట్లు మళ్లీ మొదట్నించీ గీసుకోవాలి."

మెట్లు చెరిపిన చెయ్యి తనదే కాబట్టి మేనేజరు కాస్త దగ్గాడు. అన్నీ ఈయన దగ్గరే దొరుకుతున్నప్పుడు ఇక చర్చే అక్కర్లేదని, బల్ల మీది కాగితంలో ఆమె పేరు రాయడానికి పెన్ను తీశాడు.

జిరాక్సు ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించాడు.

"ఒక్క నిమిషం సార్. ఆసుపత్రి వాళ్లు పొద్దున ఏమడిగారు?"

అడిగింది మేనేజరుకి గుర్తుంది. మూడో అంతస్తులో గోడ పగలగొట్టి తలుపు పెట్టుకుంటారట. గోడలో ఆక్సిజన్ గొట్టం ఎటు నుంచి ఎటు పోతుందో చెప్పమన్నారు. ఆ ఆసుపత్రి కట్టి చాలా ఏళ్లయింది.

"ఆ ప్లాను నా దగ్గర లేదు," అన్నాడు జిరాక్సు, అదేదో తన ఘనత అయినట్టు. తన బ్యాకప్‌లో నెల దాటిన కాపీ మీద కొత్తది ఎక్కిపోతుందని చెప్పాడు. ఆఫీసు కంప్యూటర్లోంచి తీసేసిన ఫైలు నెల తిరిగాక తన దగ్గరా ఉండదు. "ఇవాళ పాడైంది తిరిగివ్వడానికి నేను. ఏళ్ల తర్వాత కావలసింది వెతికి తియ్యడానికి ఆవిడ. ఆవిడని పంపించేసి ఆ గోడ పగలగొట్టిస్తారా? మంచం మీదున్న రోగి సంగతి మీరే ఆలోచించుకోండి."

ఆ మాటలు నిజమో కాదో చూడాలని మేనేజరు ఇద్దర్నీ ఆ రెండు ప్లాన్లూ తెమ్మని పంపించాడు. బల్ల మీది టీ చల్లారేలోగా బడికి మెట్లు తిరిగొచ్చాయి. వెనకే ఆసుపత్రి ప్లాను వచ్చింది. మొదట గీసింది కాదు, కట్టేటప్పుడు గొట్టాన్ని పక్కకి జరిపాక గీసిన ఆఖరిది. తలుపు పెడదామనుకున్నచోటే, సరిగ్గా నడిమధ్య నుంచి, గొట్టం వెళుతోంది.

మేనేజరు చెమట తుడుచుకున్నాడు.

"అయినా వెళ్లేది నేనే సార్," అంది బీరువా.

"నేనే," అన్నాడు జిరాక్సు.

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "కుర్చీని రెండు చేతులా పట్టుకు వేలాడేవాళ్లని చూశాను గానీ, ఇలా కాలితో తన్నేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. ఎదుటి కంపెనీలో ఇద్దరికీ ఉద్యోగాలేమైనా వచ్చాయా?"

రాలేదని ఇద్దరూ ఒకేసారి తల ఊపారు. అయితే మరి ఈ పంతమేమిటో మేనేజరుకి అంతుబట్టలేదు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు. ఎవరూ వెళ్లక్కర్లేదనీ, యాజమాన్యానికి తను చెప్పుకుంటాననీ, ముందు తన గదిలోంచి కదలమనీ చేతులు జోడించాడు.

తలుపు మూసుకుందో లేదో బీరువా గిర్రున తిరిగింది. పక్క సెక్షన్‌లో టీ కప్పులు గాల్లో ఆగాయి.

"ఎవరడిగారండీ మిమ్మల్ని? నేను నా తంటాలేవో పడి సార్‌ని ఒప్పించుకుంటుంటే, మీ పేరు ఎందుకు ఎత్తాలి? ఆయన సరేనని మిమ్మల్నే తీసేసి ఉంటే? నా ఉద్యోగం నేను ఉంచుకుంటాను, ఊడగొట్టుకుంటాను. అడ్డం రావడానికి అసలు మీరెవరు?"

జిరాక్సు అటూ ఇటూ చూశాడు. ఆమెకి ఒక్కదానికే వినబడేలా చెప్పాడు.

"మొన్న శుక్రవారం నుంచీ మీ ఆయన్ని."