మూడో బిడ్డ వాటా

గెలిచిన మర్నాడు సాయిలు బిచ్కుందలోని అక్క ఇంటికి వచ్చాడు. చెవుల వెనక గులాల్ ఇంకా పోలేదు.

“బిడ్డను తీస్కపోత అక్కా. సర్పంచ్‌నైన గదా.”

“ముగ్గురు పిల్లలని తెలిస్తే సర్పంచ్‌గిరి ఊడుతది. ఓడినోడు గదే ఎతుకుతున్నడు. ఈ ఐదేండ్లు నా బిడ్డలెక్కనే ఉండనియ్యి.”

భివండికి కూలికి పోయినప్పుడు పుట్టిన పిల్ల. పసిగుడ్డుగా ఉన్నప్పుడే అక్క దగ్గర వదిలాడు. సొంతూళ్లో ఎవరూ చూడలేదు. నామినేషన్ వేసిన రోజు నుంచి, తండ్రిని మామా అనమని నేర్పారు.

“దేశం బాగుపడ్డదంటున్నరు. అండ్ల మనూరి వాటా నేను తెస్త” అని ఇంటింటికీ తిరిగి చెప్పినవాడు, ఇప్పుడు గడప మీద కూర్చున్నాడు.

నాలుగేళ్ల అక్షిత వచ్చి అతని వేలు పట్టుకుంది. వాకిలి వైపు ఓసారి చూసి, మెల్లగా అడిగింది.

“ఎవ్వలు లేరు. బాపూ అనొచ్చునా?”

“అను బిడ్డా.”

ఎత్తుకున్నాడు. పిల్ల మెడ చుట్టూ చేతులు వేసింది.

అంతలో, సాయిలు వెంట వచ్చి, చాయ్ తాగి వస్తామని దారిలో ఆగిపోయిన ఊరివాళ్లు వాకిట్లోకి వచ్చారు.

“ఈ పోరి ఎవలు, సర్పంచ్ సాబ్?”

సాయిలు అక్క వైపు చూశాడు.

పిల్ల అతని మెడ వదిలేసింది. కిందికి జారి, దూరంగా నిలబడి, తనే చెప్పింది.

“గీయన మా మామ.”