ఒకే చిప్పు, రెండు డబ్బాలు

"ఏది ముందు పూర్తిచేస్తే దాని లిస్టు మీదే సంతకం పెడతాను. నాలుగింటికి నా బండి" అన్నాడు కలకత్తా నుంచి వచ్చిన ఆఫీసరు.

1996. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఓ మూల ఆఫీసు. ఆఫీసరు ఒళ్లో కొత్త ల్యాప్‌టాప్. ఎదురుగా బల్ల మీద ఆఫీసు డెస్క్‌టాప్. రెండింట్లోనూ పెంటియం చిప్పే. రెండూ ఆరువేల మంది సర్వీసు రికార్డుల్లోంచి బాగా సీనియర్లైన నలభై మందిని తీయాలి. ఏది గెలుస్తుందో చూద్దామని గుమాస్తాలు గుమిగూడారు. వాళ్లకేం, సరదా!

కాంట్రాక్టు ఆపరేటరు రత్నానికి మాత్రం ఇది సరదా కాదు.

పొద్దున ఆఫీసరు ఫోన్లో "సెటిల్‌మెంట్ లిస్ట్" అనడం ఆమె చెవిన పడింది. ఓల్డ్ సెటిల్‌మెంటంటే ఊళ్లో రైల్వే క్వార్టర్లుండే పేట. అయితే ఇది క్వార్టర్ల లిస్టే! ఆమె తండ్రి నూకయ్య ఇక్కడే ఫిట్టరు. పదకొండేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నాడు. సీనియారిటీ చాలదంటారు ప్రతిసారీ. సుభాష్‌పల్లిలో అద్దెగది. వానొస్తే తల్లి మంచం మీదే కారుతుంది. ఆమెకి ఆయాసం.

అందుకే ఫ్లాపీలోని రికార్డులు డెస్క్‌టాప్‌లోకి ఎక్కించగానే, తండ్రి ఉద్యోగంలో చేరిన 1969ని రత్నం 1965 చేసేసింది. ల్యాప్‌టాప్‌ని ముట్టుకునే వీల్లేదు. డెస్క్‌టాప్ గెలవాలి, అంతే.

మంచినీళ్ల వంకతో వచ్చిన నూకయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏటైనాదే అమ్మీ? మనది ఏ డబ్బా?"

"పెద్దది నానా. ఉండు."

మొదట ల్యాప్‌టాపే ముందుంది. రత్నం గోళ్లు కొరుక్కుంది. సగం దాటాక అది నెమ్మదించింది. డెస్క్‌టాప్ దాన్ని దాటేసి, మూడు నిమిషాల ముందే ముగించింది.

"చిప్పు ఒకటే. చిన్నదాంట్లో వేడెక్కి మందగిస్తుంది. పెద్దదానికి ఫ్యానుంది, గాలి ఆడుతుంది" అన్నాడు ఆఫీసరు మొహం ముడుచుకుని.

"ఇల్లైనా అంతే గదేటి, గాలాడాల" గొణిగాడు నూకయ్య.

ప్రింటరు గరగరలాడింది. ముప్పై ఏడో పేరు నూకయ్యది. ఆఫీసరు చదవనైనా చదవకుండా సంతకం గీకి, ఒక కాపీ సంచిలో పెట్టుకుని స్టేషనుకి పరిగెత్తాడు.

నూకయ్యకి కళ్లనీళ్లు ఆగలేదు. "మీ అమ్మకి సెప్పొస్తాను" అంటూ సైకిలెక్కాడు.

అప్పుడొచ్చాడు హెడ్ క్లర్కు గణపతిరావు, భోజనం ముగించుకుని. కళ్లజోడు పెట్టుకుని రెండో కాపీ చదివాడు. ముప్పై ఏడో పేరు దగ్గర ఆగిపోయాడు.

"మీ నాన్న పేరు ఇందులోకెలా వొచ్చినాదే?"

రత్నం తల వంచుకుని, నవ్వాపుకుంటూ, చేసిన పని చెప్పేసింది. "క్వార్టర్ కోసమే బాబూ. ఎవరికీ సెప్పకండి."

గణపతిరావు కుర్చీలో కూలబడ్డాడు.

"సెటిల్‌మెంటంటే క్వార్టర్సనుకున్నావేటే తల్లీ? ముప్పై ఏళ్ల సర్వీసు దాటినోళ్లకి లెక్కలు సెటిల్ చేసి, ముందే రిటైర్ చేసి ఇంటికి పంపే లిస్టిది."