తొమ్మిది లైసెన్సులు

“తాతగారూ, కాస్త పక్కకి జరుగుతారా? కౌంటరు మూసేస్తారు.”

కాంట్రాక్టరమ్మ విసుగు దాచుకోలేదు.

ముందు నిలబడ్డ పెద్దాయన పావుగంట నుంచి ఒకటే ఫారం నింపుతున్నాడు. చెయ్యి వణుకుతోంది. అక్షరాలు గళ్ళు దాటిపోతున్నాయి.

“నువ్వు కానివ్వమ్మా. నాకేం తొందర లేదు” అని తప్పుకున్నాడు.

‘ఈ వయసులో కరెంటు లైసెన్సు కావలసొచ్చిందా ఈయనకి!’ అనుకుంటూ ఆవిడ తన ఫైలు కిటికీలోకి తోసింది.

ఆవిడకి అప్పటికే రెండు రాష్ట్రాల్లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు లైసెన్సులున్నాయి. ఒంటరిగా ఇళ్ళకి వైరింగు చేసుకునే మనిషి, పన్నెండేళ్ళలో పాతికమందికి పని చూపించే స్థాయికి ఎదిగింది. వంతెన అవతల ఆవిడ పేరు చెబితే కుర్చీ వేసి కూర్చోబెడతారు. వంతెన దాటి ఈ రాష్ట్రంలోకి వస్తే మాత్రం, ఒక స్విచ్చు బిగించినా నేరమే. ఇక్కడొక ఆస్పత్రి పని చేతికందేలా ఉంది. దరఖాస్తుకి రేపే ఆఖరు.

సూపరింటెండెంటు కాగితాలన్నీ తిరగేశాడు. నెరిసిన మీసాల మనిషి. మరో రెండు నెలల్లో రిటైరవుతాడు.

“పరీక్ష పాసయ్యారు. అనుభవం ఉంది. పూచీ సంతకం ఏదమ్మా?”

“ఎవరిది?”

“ఈ రాష్ట్రంలో పదేళ్ళు లైసెన్సున్న కాంట్రాక్టరుది.”

“ఆస్పత్రి పనికి రేపే ఆఖరు సార్! నాకిక్కడ ఎవరు తెలుసు? తెలిసినా, పోటీకొచ్చినదానికి ఎవడు పెడతాడు?”

“రూలమ్మా. నేనేం చెయ్యను?”

“నేను పెడతాలే” అన్న మాట వెనకనుంచి వినిపించింది.

పెద్దాయన!

ఆవిడ ఎగాదిగా చూసింది. అరిగిన చెప్పులు, రంగు వెలిసిన చొక్కా. సంతకాలు అమ్ముకునే బ్రోకరేమో!

“ఎంత తీసుకుంటారు?”

“ఒక ప్రశ్న అడుగుతా. జవాబు నచ్చితే పెడతా. నీ మనుషులు పైన వైర్ల మీద పనిచేస్తుంటే, కరెంటు ఆపి మెయినుకి వేసిన తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?”

“నా జేబులో.”

“ఇమ్మని ఇంటాయన అడిగితే?”

“ఇవ్వను. పైకెక్కినవాడు దిగొచ్చి నా ఎదుట నిలబడాలి.”

“పెద్ద ఆఫీసరొచ్చి అరిస్తే?”

“మా అమ్మొచ్చి అడిగినా ఇవ్వను తాతగారూ! ఇంతకీ మీరు పెడతారా, పెట్టరా?”

పెద్దాయన పెద్దగా నవ్వాడు. కిటికీ వైపు తిరిగి, “తమ్ముడూ, నా కాగితం తర్వాతిస్తా. ముందు ఈ అమ్మాయిది కానీ” అన్నాడు.

ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరమే రాసుకుంటూ సంతకం పూర్తి చేశాడు. ఆవిడ పర్సు తీయబోతే చెయ్యి అడ్డుపెట్టాడు.

“ఆస్పత్రి పనన్నావుగా. జాగ్రత్తగా చెయ్యి తల్లీ.”

తన ఫారం కూడా కిటికీలో ఇచ్చేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సూపరింటెండెంటు ముందు ఆవిడ కాగితం మీద, ఆపైన ఆయన కాగితం మీద ముద్ర వేశాడు. తర్వాత లేచి నిలబడి, ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

“ఎవరు సార్ ఆయన? పాపం, ఈ వయసులో లైసెన్సు కోసం...”

“లైసెన్సు కోసం రాలేదమ్మా. వెనక్కిచ్చేయడానికొచ్చాడు. తొమ్మిది రాష్ట్రాల లైసెన్సులున్నాయి ఆయనకి. నెల్లాళ్ళుగా తిరిగి తిరిగి ఒక్కోటీ అప్పగిస్తున్నాడు. ఇది ఆఖరుది.”

“తొమ్మిదా!” రెండింటికే తాతలు దిగొచ్చారు ఆవిడకి. “ఎన్ని కోట్ల పనులు చేశాడో!”

“ఒక్క కాంట్రాక్టు కూడా చెయ్యలేదు.”

“మరి ఇన్ని లైసెన్సులెందుకు సార్?”

“ముప్పైయొక్కేళ్ళ కిందట పెద్ద తుఫానొచ్చింది. ఇక్కడి పిల్లల ఆస్పత్రిలో కరెంటు పోయింది, జనరేటరు మునిగింది. తెల్లారేసరికి వంతెన అవతలినుంచి ఈయన పడవ మీద, పనిముట్ల సంచీతో వచ్చాడు. గంటలో బాగుచేస్తానన్నాడు. ఈ రాష్ట్రం లైసెన్సు లేదని గేటు దగ్గరే ఆపేశారు. ఇక్కడి మనిషి నీళ్ళు దాటుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి లోపల ముగ్గురు పసివాళ్ళు...”

ఆయన ఫైలు మూసి పక్కన పెట్టాడు.

“ఆ మరుసటి నెలలోనే ఈ కౌంటరుకొచ్చి పరీక్ష ఫారం అడిగాడు. తర్వాత పక్క రాష్ట్రం. ఆ తర్వాత దాని పక్కది. ఇక ఎక్కడ వరదొచ్చినా, తుఫానొచ్చినా, ఆస్పత్రిలో మొదటి దీపం వెలిగించిన చెయ్యి ఆయనదే. బిల్లు పెట్టడు. ఫోటోకి నిలబడడు. ఇప్పుడు చెయ్యి వణుకుతోందట. వణికే చేతికి లైసెన్సు ఉండకూడదని ఆయనకాయనే తీర్పు చెప్పుకున్నాడు.”

ఆవిడ పరుగెత్తింది. మెట్లు, గేటు, రోడ్డు. బస్టాపులో ఎవరూ లేరు. దూరంగా మలుపు తిరిగిన బస్సు దుమ్ము ఇంకా అణగలేదు.

తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. దుఃఖమో, కోపమో.

“అంతటి మనిషిని గేటు దగ్గర ఆపిన ఆ ప్రబుద్ధుడెవడు సార్?”

సూపరింటెండెంటు బల్ల మీది ముద్రని పక్కకి జరిపాడు.

“నేనే తల్లీ. ఉద్యోగంలో చేరి అప్పటికి పది రోజులు. లైసెన్సులు చూసి లోపలికి పంపమని ఆ గేటు దగ్గర నన్నే పెట్టారు. ఆయన ఫారం కోసం ఈ కిటికీ దగ్గరికొచ్చిన రోజు, తలెత్తలేక ఏడ్చాను.”

“ఆయనేమన్నారు?”

“నా చెయ్యి పట్టుకుని, ‘నీ తప్పేం లేదు తమ్ముడూ, లైసెన్సు లేకుండా వచ్చింది నేను కదా’ అన్నాడు.”