చివరిసారి కనిపించిన చోటు

తప్పిపోయినవాళ్ల వెబ్‌ పేజీ పూర్తిచేస్తూ మానస నాచారంలోని తన గదిలో ఒంటరిగా మేలుకుని ఉంది. పేజీ తెరుచుకోగానే ప్రతి పేరు లింకుకూ, ఆ మనిషి చివరిసారి కనిపించిన చోటు దానంతటదే చేరి, మౌస్ పెడితే కనిపించేలా జావాస్క్రిప్టు కోడ్ రాసింది. తమ్ముడు రంజిత్ పేరు మీద మౌస్ పెట్టింది. ‘జవహర్‌నగర్’ అని వచ్చింది. అది తను రాసిందే.

మళ్లీ లోడ్ చేసింది. ‘కాప్రా’. జవహర్‌నగర్ కన్నా తన గదికి దగ్గర. కోడ్‌లో ఆ మాటే లేదు.

మళ్లీ చేసింది. ‘నాచారం’.

నెల కిందట వాణ్ని గెంటేస్తూ, “మళ్ల నా గడప తొక్కకు” అని అరిచింది తనే. అప్పట్నుంచీ వెతుకుతోంది.

ఈసారి కీ నొక్కలేదు. అయినా పేజీ లోడయింది. ‘గది’ అని వచ్చింది.

తలుపుకు గడియ వేసే ఉంది.

“గడప తొక్కకుంటనే వచ్చిన అక్కా,” అంది కుర్చీ వెనక నుంచి రంజిత్ గొంతు.